అనంతపురంలో 'అండ్ దెన్ దేర్ వర్ నన్' వేయాలంటే ఏ ముగింపు పెట్టుకోవాల?

అనంత_రంగస్థలం:
లలిత కళా పరిషత్ స్టేజీ మీద ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత్రి అగాథా క్రిస్టీ 'అండ్ దెన్ దేర్ వర్ నన్' తెలుగులో వేయాలని మా బృందం ఆలోచన. దీవిలో బంగళాకు పిలిపించిన పదిమందిని, వాళ్ల పాత తప్పులకు శిక్షగా ఒకడు ఒక్కొక్కరినే చంపే కథ ఇది; ఒకరు చచ్చినప్పుడల్లా అక్కడుండే పది సిపాయి బొమ్మల్లో ఒకటి మాయమవుతుంది. 1939 నవల ముగింపు ఒకటి, 1943లో ఆమే రాసిన నాటకం ముగింపు ఇంకొకటి. ఏది మేలు? పది బొమ్మలు ఒక్కొక్కటే మాయమయ్యేది ఎట్ల చూపించాల? కథ తెలియనోళ్లు కింద చదవొద్దండి, హంతకుడి పేరు వస్తుంది.

కర్నూలు_కథకుడు:
నవల ముగింపే వేయండన్నా. నాటకంలో చివరికి మిగిలే వెరా కాల్చిన గుండు ఆమెతో ఉన్న లాంబార్డ్‌కు తగలదు. చచ్చినట్టు పడుండి, చివర్లో లేచి, హంతకుడైన జడ్జి వార్‌గ్రేవ్‌ను కాల్చేస్తాడు. పైగా ఆ ఇద్దరూ ఏ పాపం ఎరగనోళ్లని తేలుతుంది. 1945లో రెనె క్లెయిర్ సినిమా కూడా జంటను బతికించింది. పదిమందీ చట్టానికి దొరకని తప్పు చేసినోళ్లే అనేదే కథకు ప్రాణం, అది పోతే ఇంకేముంది?

చిక్కల్లా, నవల్లో అందరూ పోయినాక నిజం సీసాలో దొరికిన ఉత్తరం ద్వారా తెలుస్తుంది. స్టేజీ మీద అది చదివితే సీను చల్లబడిపోతుంది. 2015 బీబీసీ సీరియల్లో వెరా మెడకు ఉరి పడినాక జడ్జి గదిలోకి వస్తాడు. నాటకానికి అదే కుదురుతుంది. ఉరితాడు మాత్రం మెడ వెనక వెల్‌క్రోతో అతికించాల, లాగితే ఊడొచ్చేట్టు. కుర్చీ తన్నే లోపలే లైట్లు ఆర్పేయాల.

తెరవెనక_ధర్మవరం:
బొమ్మల సంగతి. చిన్న పింగాణీ బొమ్మలు వెనక వరసలకు కనపడవు. నిమ్మలకుంట కళాకారులతో అడుగెత్తు తోలుబొమ్మ సిపాయిలు పది చేయించండి. తెల్లగుడ్డ కట్టిన కిటికీలో పది గళ్లు, గడికో చిన్న ఎల్‌ఈడీ, మధ్యన నల్ల అట్ట. హాలోజన్ వద్దు, వేడికి తోలు ముడుచుకుంటుంది. తీసేటప్పుడు ముందు ఆ గడి లైటు ఆర్పి, తర్వాత వెనకనుంచి పుల్ల లాగాల. లైటుండగా లాగితే నీడ గుడ్డంతా పాకి గుట్టు రట్టయిపోతుంది. అందరికంటే ముందు చచ్చే మార్‌స్టన్ విస్కీ తాగి కూలే చోటు కిటికీకి ఎదురు మూలన పెట్టండి, చూపులన్నీ అటు పోతాయి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది జడ్జి దొంగచావు దగ్గర, అంటే తననూ ఎవరో చంపినట్టు అతను నటించే చోట. కొవ్వొత్తి వెలుతురే ఉండాల. ఎర్ర తెర వదులుగా కప్పి, ఉన్ని విగ్గు పెట్టి, ఓరగా కూర్చోబెడితే ఊపిరి తెలీదు. ముట్టుకునేది ఈ నటనలో అతనితో కుమ్మక్కైన డాక్టర్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే, మిగతా వాళ్లు ఐదడుగుల దూరంలో ఆగాల. ఎవరన్నా ఎమోషన్‌లో పోయి చెయ్యి పట్టుకున్నారంటే, చివర్లో జనం 'అప్పుడు నాడి తెలీలేదా' అంటారు. ఆ మాటకు జవాబుండదు.

పదిమంది తప్పులూ చదివే గ్రామఫోన్ గొంతు జడ్జి వేషగాడితో చెప్పించొద్దు, జనం గొంతు గుర్తుపడతారు. నవల్లో ఆ రికార్డు చేసిచ్చిన కంపెనీ, ఏదో ఔత్సాహిక నాటకానికే అనుకుంటుంది గదా!

కడప_లా_పాయింట్:
క్రిస్టీ పోయింది 1976లో. మన చట్టంలో కాపీరైటు రచయిత పోయినాక 60 ఏళ్లు, అంటే 2036 ఆఖరు దాకా. టికెట్టు పెట్టి వేసేటట్టయితే అనువాదానికీ ప్రదర్శనకూ రెండిటికీ అనుమతి తీసుకోండి. 1943 స్క్రిప్టును సొంతంగా మార్చకుండా, ఏ ముగింపు వేస్తారో దరఖాస్తులోనే రాయండి. రిహార్సల్స్ ఆ జవాబు వచ్చినాకనే.