గ్రీకు తవ్వకాల పెంకులు: దేనికి నంబరు, దేనికి లెక్క?

మన్నువాసన:
పెలొపొనీస్‌లోని (దక్షిణ గ్రీసు) ఒక తవ్వకంలో దొరికిన కుండపెంకుల్ని రిజిస్టరుకెక్కించే పనిలో ఉన్నాను. పొరకి రెండు మూడు క్రేట్లు వస్తున్నాయి: నల్లపూత పెంకులు, వంటకుండల ముక్కలు, ఆంఫొరా (సారా, నూనె పోసే రెండు పిడుల జాడీ) పిడులు, కొన్ని టెర్రకోట (కాల్చిన మట్టి) బొమ్మల తలలు. ప్రతి ముక్కకీ నంబరు ఇవ్వాలా? వేర్వేరు పొరల ముక్కలు రెండు అతుక్కుంటే ఏ పొర కింద రాయాలి? మన్సెల్ చార్టుతో (రంగులకి నంబర్లిచ్చిన పట్టిక) మట్టి రంగు చూస్తే మనిషికో రంగు వస్తోంది. బొమ్మలు కడిగితే తెల్లగా ఏదో ఊడుతోంది, అది సున్నపు పెచ్చేనా?

పాతపెంకు:
ముందు బొమ్మల్ని కడగడం ఆపండి. ఊడుతున్నది చాలావరకు బొమ్మ మీద వేసిన తెల్ల పూతే అయివుంటుంది. గులాబీ, నీలం రంగులు దాని మీద, కాల్చాక వేసేవారు. అందుకే నీళ్లు తగిలితే నిలవవు. నీడలో ఆరనిచ్చి మెత్తటి కుంచె, గట్టి మట్టి అంటుకుంటే లెన్స్ కింద వెదురు పుల్ల. తెల్లనేల లెకిథోస్ (తెల్ల పూత మీద బొమ్మలు గీసిన నూనె కూజా) పెంకులకూ ఇదే పద్ధతి. పెచ్చు పోవాలని ఆసిడ్ జోలికి వెళ్లకండి. కొరింథు నగరపు మట్టిలో సున్నం ఎక్కువ, ఆసిడ్ పెచ్చుతోపాటు పెంకునీ తినేస్తుంది.

నంబర్ల సంగతి. ఏథెన్స్ అగోరా (పాత సంత మైదానం) తవ్వకాల్లో కుండలకు పి, బొమ్మలకు టి, దీపాలకు ఎల్, ముద్ర ఉన్న ఆంఫొరా పిడులకు ఎస్‌ఎస్ అని అక్షరం పెట్టి వరుస నంబరు ఇస్తారు. అన్నీ ఆ వరుసలోకి ఎక్కవు. మూతి నుంచి అడుగు దాకా ఆకారం దొరికినది, బొమ్మలు గీసినది, గీతరాత గానీ ముద్ర గానీ ఉన్నది, బయటి ఊరి సరుకు, పొరకి తేదీ చెప్పేది: వీటికి విడి నంబరు. చివరిది ఎంత అనాకారి ముక్కైనా సరే వదలొద్దు. అందమైనవి ఏరుకుని అసలు సాక్ష్యాన్ని సంచిలో వదిలేసిన రిజిస్టర్లే ఎక్కువ. మిగతావి పొర సంచిలోనే ఉంటాయి, లెక్క, తూకం రాస్తే చాలు.

తూకంరాయి:
లెక్క, తూకం రెండూ కావాలి, ఒకటి చాలదు. ఆంఫొరా అడుగుమొన ఒక్కటే గుప్పెడు కైలిక్స్ (వెడల్పాటి సారా గిన్నె) పెంకుల కన్నా బరువు తూగుతుంది. పలచటి కైలిక్స్ ఒక్కటి పగిలితే యాభై ముక్కలవుతుంది. మూతి, పిడి, అడుగు, ఒంటి పెంకు విడివిడిగా రాయండి. లెక్క అతికించక ముందే తీయాలి.

మూతుల్ని వృత్తాల చార్టు మీద పెట్టి వ్యాసం, మూతి చుట్టులో మిగిలిన శాతం రెండూ రాయండి. 5 శాతం లోపు మిగిలితే వ్యాసం పక్కన ప్రశ్నార్థకం తప్పనిసరి. పిడులు అతికించేటప్పుడు కైలిక్స్ మూతి కొంచెం సాగి గుండ్రం తప్పుతుంది, పిడి దగ్గరి ముక్క కొలిస్తే వ్యాసం తప్పు వస్తుంది.

అతుక్కున్న ముక్కలు దేని పొర నంబరు దానికే ఉంచాలి. కుండకి ఒకే నంబరు, దాని కింద పొరలన్నీ రాయాలి. ఏదో ఒక పొరకి మార్చేస్తే, ఆ రెండూ ఒకేసారి పోసిన మట్టా, తర్వాతి గొయ్యి వల్ల కలిసిపోయాయా అన్న ఆధారమే పోతుంది.

రంగు తేడాకి వెలుతురు ఒక ముఖ్య కారణం. పటకారుతో చిన్న అంచు విరిచి, కొత్త విరుపులో, పొడిగా, నీడపట్టున పగటి వెలుగులో చూడండి. ట్యూబులైటు, చలువ కళ్లద్దాలు వద్దు. నడిమి రంగు, పైరంగు వేరుగా రాయాలి. సీజన్ అంతా ఒక్కరే చూడటం మేలు. ఆటిక్ (ఏథెన్స్ ప్రాంతపు) మట్టి మన్సెల్ నంబరు 5 వైఆర్ 6/6 (ఎర్రటి పసుపు) దరిదాపుల్లో, కొరింథు మట్టి 10 వైఆర్ 8/3 (బాగా లేత గోధుమరంగు) దగ్గర తేలుతుంది. అయినా రంగొక్కటే నమ్మొద్దు. చితిలో కాలిన ఆటిక్ పెంకు లోపలంతా బూడిదరంగుకి తిరుగుతుంది, ఎక్కువ కాలిన కొరింథు పెంకు ఆకుపచ్చ ఛాయకి తిరుగుతుంది. పది రెట్ల లెన్స్‌లో అభ్రకం, ఇసుక రేణువులు ఎంత ఉన్నాయో చూసి రాయండి.

అచ్చుబొమ్మ:
బొమ్మల తలలకి ఎత్తు ఒక్కటే రాస్తే లాభం లేదు. గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా కొలత తీయండి. అచ్చులో తీసిన బొమ్మ నుంచే మళ్లీ అచ్చు తీసేవారు. మట్టి ఎండి, కాలి కుంచించుకుంటుంది కాబట్టి ప్రతి తరానికీ ముఖం సుమారు పదో వంతు తగ్గుతుంది, పోలికలు మొద్దుబారతాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆ కొలతే చెబుతుంది. వీపు అచ్చుదా చేత్తో చేసిందా, గాలిరంధ్రం ఏ ఆకారం, లోపల వేలిముద్రలున్నాయా అనేవి కూడా రాయాలి.

రోడ్స్ దీవి ఆంఫొరా పిడుల్లో ఒకదాని మీద ఆ ఏటి పూజారి పేరు, రెండోదాని మీద తయారుదారు పేరు ఉంటాయి. రెండు పిడులు దొరికితే రెండు ఆంఫొరాలని లెక్కేయకండి.

మన్నువాసన:
ధన్యవాదాలండీ. నంబరు పెంకు మీదే రాయొచ్చా? ఇక్కడ గోళ్ల రంగు పూసి రాస్తున్నారు.

పాతపెంకు:
గోళ్ల రంగు వద్దు, పసుపెక్కి పెచ్చులూడుతుంది, నంబరూ దాంతోనే పోతుంది. అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 (రంగులేని అక్రిలిక్ రెజిన్) పలచగా పూసి, ఆరాక ఇంకుతో రాసి, పైన మరో పూత వేయండి. లోపలి వైపు, రంగు లేని చోట. విరిగిన అంచు మీద రాస్తే అతికించేటప్పుడు ముక్క సరిగ్గా కూర్చోదు.