ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిల్ డివిజన్ల పునర్విభజన: హద్దులు ఎవరు గీస్తారు, ఏ లెక్కన గీస్తారు?

ప్రశ్న (డిడ్‌కాట్_నివాసి)

మా కుటుంబం డిడ్‌కాట్ పట్టణానికి పడమటి అంచున ఉన్న గ్రేట్ వెస్టర్న్ పార్క్‌లో ఉంటోంది. 2025 మే నెలలో ఇంగ్లండ్‌లోని మా ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిల్ ఎన్నికలు కొత్త డివిజన్ల (కౌన్సిలర్‌ను ఎన్నుకునే నియోజకవర్గాల) హద్దుల మీద జరిగాయి, సభ్యుల సంఖ్య కూడా 63 నుంచి 69కి పెరిగింది. అంతవరకు నాకు తెలుసు. తెలియనిదల్లా ఆ హద్దులు గీసిన పద్ధతి. మా కాలనీ వారందరికీ దుకాణాలు, రైల్వే స్టేషను, ఆదివారం నాటి తిరుగుళ్లు అన్నీ డిడ్‌కాట్‌లోనే. అయినా సౌత్ ఆక్స్‌ఫర్డ్‌షైర్, వేల్ ఆఫ్ వైట్ హార్స్ జిల్లాల సరిహద్దు కాలనీ మీదుగానే పోతున్నందువల్ల, ఇటువైపు వీధుల వారు ఒక కౌన్సిలర్‌ను, అటువైపు వీధుల వారు మరొకరిని ఎన్నుకోవలసి వస్తోంది. ఇది అధికారంలో ఉన్న పార్టీ తన వీలుకొద్దీ చేసుకున్న ఏర్పాటా, లేక దీనికి వేరే కారణం ఉందా? మేమింకా భారత పౌరులమే కాబట్టి ఈ లెక్కలో మమ్మల్ని అసలు పరిగణిస్తారా? కౌంటీ కౌన్సిలే రద్దవుతుందని వింటున్న ఈ రోజుల్లో ఈ విషయం పట్టించుకోవడం దండగ అంటారా? తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

జవాబు 1 (గ్యాలరీ_శ్రోత)

ముందుగా పార్టీ సంగతి. ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థల వార్డులను, డివిజన్లను ఆ సంస్థలే గీసుకునే అధికారం లేదు. 2009 నాటి చట్టం ప్రకారం ఏర్పడి, 2010 నుంచి పనిచేస్తున్న లోకల్ గవర్నమెంట్ బౌండరీ కమిషన్ ఆ పని చేస్తుంది. అది మంత్రులకు కాక పార్లమెంటుకు జవాబుదారీగా ఉంటుంది. ఏ వీధిలో ఏ పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయన్నది అది చూడదు. ఇళ్ల ధరలు, బీమా ప్రీమియంలు మారతాయన్న అభ్యంతరాలను కూడా పరిగణించదు. చట్టం దాని ముందు ఉంచిన గీటురాళ్లు మూడే: ఒక్కొక్క కౌన్సిలర్‌కు దాదాపు సమానంగా ఓటర్లు ఉండటం, స్థానిక సమాజాల ఉనికికి, అవసరాలకు హద్దులు అద్దం పట్టడం, పాలన సమర్థంగా, సౌకర్యంగా సాగడం.

అలాగని పార్టీలు చేతులు ముడుచుకుని కూర్చుంటాయని కాదు. కౌన్సిల్ తరఫున ఒక ప్రతిపాదన వెళ్తుంది, తరచుగా పార్టీల వారు విడివిడిగా తమ పటాలు కూడా పంపుతారు, ఆ పటాలలో ఎవరి ఆశలు వారివి. అయితే వాటికి కారణాలు చూపవలసింది సమాజం, రహదారులు, సంఖ్యల భాషలోనే. వచ్చిన వినతులన్నీ బహిరంగంగా ప్రచురితమవుతాయి కనుక, ఎవరేమి అడిగారో ఎవరైనా చదువుకోవచ్చు. నా ఉద్దేశంలో ఈ వ్యవస్థలోని అసలైన రక్షణ కమిషన్ సభ్యుల నిష్పాక్షికత కన్నా ఈ బహిరంగతే.

పని సాగే క్రమం ఇది. మొదట కౌన్సిల్‌లో ఎంతమంది సభ్యులు ఉండాలో నిర్ణయిస్తారు, తరువాత ప్రజాభిప్రాయం కోరతారు, ముసాయిదా సిఫారసులు ప్రకటిస్తారు, మళ్లీ అభిప్రాయాలు తీసుకుంటారు, చివరికి తుది సిఫారసులు వెలువరిస్తారు. వాటి ఆధారంగా తయారైన ఉత్తర్వు ముసాయిదా 40 రోజులు పార్లమెంటు ముందు ఉంటుంది. ఉభయ సభలలో ఏదైనా దానిని తిరస్కరించవచ్చు కానీ అందులోని ఒక్క గీతను కూడా మార్చలేదు.

మీ ఇంటి మీద మూడు పటాలు పరచి ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోండి. కౌంటీ డివిజన్ ఒకటి, జిల్లా కౌన్సిల్ వార్డు మరొకటి, 2024లో ఏర్పడిన డిడ్‌కాట్ అండ్ వాంటేజ్ పార్లమెంటు నియోజకవర్గం ఇంకొకటి. మూడవదానిని గీసేది వేరే కమిషన్. దానికి నియమాలూ వేరు. ఒకదాని మీది కోపాన్ని మరొకదానికి ఉత్తరంగా రాసేవారు ఎంతోమంది.

జవాబు 2 (లెక్కల_మాస్టారు)

మీ కాలనీ ఎందుకు చీలిందన్నదానికి జవాబు రాజకీయంలో కాదు, ఒక నియమంలో ఉంది. కౌంటీ డివిజన్ ఏదీ జిల్లా సరిహద్దును దాటకూడదని చట్టమే చెబుతోంది. అందువల్ల కమిషన్‌కు మీ కాలనీ మొత్తాన్ని ఒకే డివిజన్‌లో ఉంచాలన్న కోరిక ఎంత ఉన్నా, కౌంటీ డివిజన్ల సమీక్షలో ఆ పని దాని చేతిలో లేదు.

ఈ నియమం వల్ల లెక్క కూడా క్లిష్టమవుతుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఐదు జిల్లాలు ఉన్నాయి: ఆక్స్‌ఫర్డ్ నగరం, చెర్వెల్, వెస్ట్ ఆక్స్‌ఫర్డ్‌షైర్, సౌత్ ఆక్స్‌ఫర్డ్‌షైర్, వేల్ ఆఫ్ వైట్ హార్స్. ప్రతి జిల్లాకు ఓటర్ల నిష్పత్తిలో వచ్చే సీట్లు పూర్ణ సంఖ్యలుగానే ఉండాలి. ఉదాహరణకు ఒక జిల్లాకు లెక్క ప్రకారం 13.5 సీట్లు రావలసి ఉందనుకుందాం. 13 ఇస్తే అక్కడి ప్రతి కౌన్సిలర్ మీద సగటు కన్నా దాదాపు 4 శాతం ఎక్కువ మంది ఓటర్లు పడతారు. 14 ఇస్తే అంతకు కొంచెం తక్కువ శాతం తగ్గుతారు. ఇంకా ఒక్క వీధి హద్దు కూడా గీయకముందే, సగటు నుంచి తేడాకు కమిషన్ సాధారణంగా పాటించే 10 శాతం వెసులుబాటులో మూడో వంతుకు పైగా ఖర్చయిపోయిందన్నమాట. సభ్యుల సంఖ్య విషయంలో 68 అయినా 69 అయినా ఒకటే కదా అనుకునేవారు ఈ భాగహారం ఒకసారి చేసి చూడాలి. ఒక్క సీటు అటూ ఇటూ జరపడం వల్లనే జిల్లాల మధ్య పంపిణీ కుదురుకునే సందర్భాలు ఉంటాయి.

సమీక్ష ఎప్పుడు చేపట్టాలన్నదానికి కూడా కమిషన్ ఒక కొలత పెట్టుకుంది. 30 శాతానికి పైగా వార్డులు లేదా డివిజన్లలో ఓటర్ల సంఖ్య సగటు నుంచి 10 శాతానికి మించి తేడాగా ఉన్నా, ఏ ఒక్కదానిలోనైనా తేడా 30 శాతానికి మించినా ఆ ప్రాంతం సమీక్షకు అర్హమవుతుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో 2013 ఎన్నికల నాటికి సభ్యులను 74 నుంచి 63కి తగ్గించారు. ఆ తరువాతి సంవత్సరాలలో బిస్టర్, డిడ్‌కాట్ వంటి చోట్ల వేల ఇళ్లు లేచాయి. అటువంటప్పుడు 63నే పట్టుకుని కూర్చుంటే, పెరిగిన పట్టణాలకు ఇవ్వవలసిన సీట్లను పల్లెల నుంచే తీసుకోవలసి వచ్చేది. ఆరు సీట్లు పెంచడంలోని తర్కం నాకు ఇందులోనే కనిపిస్తోంది.

జవాబు 3 (కాట్స్‌వల్డ్_పల్లెవాసి)

పై లెక్కతో నాకు పేచీ లేదు, కానీ సమానత్వాన్ని ఓటర్ల సంఖ్యతో మాత్రమే కొలవడం మీద ఉంది. పట్టణంలో కౌన్సిలర్ అరగంట నడిచి తన డివిజన్ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లగలరు. మా వైపు ఒక కౌన్సిలర్ పరిధిలో పదికి పైగా పారిష్‌లు (ఊరి స్థాయి పాలనా విభాగాలు) ఉండటం అరుదు కాదు. ప్రతి పారిష్ కౌన్సిల్ తమ సమావేశానికి ఆయన రావాలని కోరుకుంటుంది, ప్రతి ఊరి రోడ్డు గుంతలూ ఆయన ఖాతాలోనివే. ఓటర్ల సంఖ్య సమానమే, పని మాత్రం సమానం కాదు. పార్లమెంటు నియోజకవర్గాలకైతే విస్తీర్ణం మితిమీరిన చోట కొంత మినహాయింపు ఉంది. కౌంటీ డివిజన్లకు అటువంటిది రాసిపెట్టి లేదు. పల్లె ప్రాంతమని ప్రత్యేక బరువేమీ ఇవ్వరు.

మన ప్రాంతంలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి ఉండటం ఇక్కడ చెప్పదగిన విషయం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మండలానికి ఒక జడ్పీటీసీ సభ్యుడు ఉంటాడు. మండలం పెద్దదైనా చిన్నదైనా ఒక్కరే. అక్కడ పాలన హద్దే నియోజకవర్గం. ప్రజలకు తమ సభ్యుడెవరో తెలియడం తేలిక, ఓటు విలువ సమానంగా ఉండటం మాత్రం కష్టం. ఇక్కడ తూకం మరోవైపు మొగ్గింది. నాకైతే ఈ రెండింటి నడుమ ఎక్కడో ఆగాలనిపిస్తుంది. పది శాతాన్ని పదిహేను చేసి, పారిష్‌లను చీల్చవలసిన అవసరాన్ని తగ్గిస్తే కొంపలేమీ మునగవు. ఒక డివిజన్ హద్దు పారిష్ నడుమగా పోతే, ఆ పారిష్‌ను కూడా వార్డులుగా విడగొట్టి తీరాలి. కొన్ని వందల మంది ఉన్న ఊరిలో రెండు వార్డులంటే, ఒక వైపున పోటీ చేసేవారే దొరకని పరిస్థితి వస్తుంది.

జవాబు 4 (బాన్‌బరీ_తెలుగు)

పౌరసత్వం గురించి అడిగారు. చట్టబద్ధంగా నివాసానికి అనుమతి ఉన్న కామన్వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, స్థానిక ఎన్నికలలోనే కాక పార్లమెంటు ఎన్నికలలో కూడా ఓటు వేయవచ్చు. భారతదేశం కామన్వెల్త్‌లో ఉంది కనుక, వర్క్ వీసా మీద వచ్చినవారికి, వారి జీవిత భాగస్వాములకు కూడా ఈ హక్కు ఉంది. మన వారిలో చాలామంది ఇది బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చాక చూసుకోవలసిన సంగతి అనుకుంటారు.

హద్దుల పునర్విభజనతో దీనికి నేరుగా సంబంధం ఉంది. మన దగ్గర అసెంబ్లీ నియోజకవర్గాలను 2001 జనాభా లెక్కల ఆధారంగా విభజించారు. చంటిపిల్లలు కూడా ఆ లెక్కలోకి వచ్చారు. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ హద్దులకు కమిషన్ తీసుకునేది జనాభాను కాదు, ఓటరు జాబితాలోని పేర్లను, అదనంగా రాబోయే ఐదేళ్లలో ఆ సంఖ్య ఎంతవుతుందన్న అంచనాను. కాబట్టి ఒక కాలనీలో సగం ఇళ్లు నమోదు కాకుండా ఉంటే, ఆ కాలనీ పటం మీద సగమే కనిపిస్తుంది. అద్దె ఇళ్లు ఎక్కువగా ఉన్న వీధులకు, తరచూ ఇళ్లు మారే కుటుంబాలకు, విద్యార్థులకు ఈ పద్ధతి అన్యాయమే చేస్తుందని నా అభిప్రాయం. ఆక్స్‌ఫర్డ్ నగరం విషయంలో ఇది చిన్న సంగతి కాదు. నియమం మారేదాకా మనం చేయగలిగింది పేరు నమోదు చేసుకోవడమే.

ప్రజాభిప్రాయం కోరినప్పుడు జవాబు పంపేందుకు ఓటరై ఉండవలసిన అవసరం కూడా లేదు. అయితే ఒకే ఉత్తరం మీద వందమంది సంతకాలు చేయించి పంపినంత మాత్రాన ఫలితం రాదు. కమిషన్ సంఖ్యను కాదు, ఆధారాన్ని చూస్తుంది. మా పిల్లలు ఫలానా బడికి వెళ్తారు, మా డాక్టరు ఫలానా చోట ఉన్నారు, ఈ రైలు మార్గాన్ని దాటే దారి ఇక్కడొక్కటే ఉంది అని రాసిన పేజీకి విలువ ఉంటుంది. మీ డిడ్‌కాట్‌లోనే లేడీగ్రోవ్ నివాస ప్రాంతానికి, పాత పట్టణానికి నడుమ రైలు మార్గం ఉంది కదా, అటువంటి స్పష్టమైన హద్దును చూపించగలిగితే వాదన నిలుస్తుంది.

ప్రశ్నించినవారు (డిడ్‌కాట్_నివాసి)

అందరికీ కృతజ్ఞతలు. ఇద్దరి పేర్లు నమోదు చేసుకుంటాము. జిల్లా హద్దే అడ్డంకి అయితే, దానిని మార్పించే మార్గం ఏదైనా ఉందా?

జవాబు 5 (గ్యాలరీ_శ్రోత)

ఉంది, కానీ అది వేరే సమీక్ష. జిల్లాల మధ్య సరిహద్దును సవరించే పని కూడా ఇదే కమిషన్ పరిధిలోనిదే. సాధారణంగా సంబంధిత కౌన్సిళ్లు కోరితేనే చేపడుతుంది. భూభాగం వదులుకోవడానికి ఇష్టపడే కౌన్సిల్ అరుదు కనుక అటువంటివి ఎక్కువగా జరగవు.

ఇప్పుడు మీ చివరి సందేహానికి వస్తాను. 2024 డిసెంబరులో ప్రభుత్వం వెలువరించిన శ్వేతపత్రం ప్రకారం, కౌంటీ, జిల్లా అనే రెండంచెల వ్యవస్థ స్థానంలో ఒకే అంచె యూనిటరీ కౌన్సిళ్లు వస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్ నుంచి మూడు రకాల ప్రతిపాదనలు వెళ్లాయి: కౌంటీ అంతటికీ ఒకే కౌన్సిల్, వెస్ట్ బర్క్‌షైర్‌ను కలుపుకుని రెండు కౌన్సిళ్లు, నగరానికి విడిగా ఒకటి ఉండేలా మూడు కౌన్సిళ్లు. వీటిలో దేనిని ఎంచుకున్నా డిడ్‌కాట్ పరిసరాలలోని సౌత్, వేల్ జిల్లాల భాగాలు ఒకే కౌన్సిల్ కిందికి వస్తాయి. మీ కాలనీని చీలుస్తున్న జిల్లా హద్దు అప్పుడు చట్టపరంగా ఉండదు.

అయినా తొందరపడి సంబరపడకండి. కొత్త యూనిటరీకి తొలి ఎన్నికలు చాలాచోట్ల పాత కౌంటీ డివిజన్ల మీదనే జరిగాయి. బకింగ్‌హమ్‌షైర్‌లో ఉన్న 49 డివిజన్లకు ముగ్గురేసి చొప్పున 2021లో 147 మందిని ఎన్నుకున్నారు. సమీక్ష పూర్తయి ఆ సంఖ్య 97కు తగ్గింది 2025లో. సోమర్‌సెట్‌లో 2022లో 55 సీట్లను రెట్టింపు చేసి 110 చేశారు. అందుచేత 2025 పటం దండగ అనుకోవద్దు, కొత్త కౌన్సిల్ తొలి సభను ఎన్నుకునేది కూడా అదే కావచ్చు. మీ రెండు వీధులు ఒకే వార్డులోకి చేరే అవకాశం దాని తరువాత జరిగే సమీక్షలో ఉంటుంది. ఆధారాలు అప్పటికి సిద్ధం చేసుకోవడం కన్నా, కాలనీ సంఘం ఇప్పటినుంచే రాసిపెట్టుకోవడం మంచిది. అభిప్రాయాలు పంపడానికి ఇచ్చే గడువు కొన్ని వారాలే ఉంటుంది.