విదేశం నుంచి తెప్పించిన ఇంజెక్షన్ నీళ్లు: నమ్మవచ్చా?

భుజంనొప్పి (హైదరాబాద్)
జిమ్‌లో భుజం పట్టేసింది. అక్కడివాళ్ల మాట విని పొడి రూపంలో వచ్చే పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క లాంటి ఇంజెక్షన్ మందు) ఒకటి తెప్పించాను. కలుపుకోవడానికి బాక్టీరియోస్టాటిక్ వాటర్ కూడా అదే విదేశీ విక్రేత పంపాడు. 30 మిల్లీలీటర్ల సీసాలు పది. ఒకటి తెరిచి తొమ్మిది రోజులుగా వాడుతున్నాను. నిన్న మిగిలినవి కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే ఒకదానిలో సన్నని నూలుపోగు లాంటిది తిరుగుతోంది. మరో రెండింటికి మూత చుట్టూ ఉన్న అల్యూమినియం పట్టీ వేలితో తిప్పితే గిర్రున తిరుగుతోంది. పరీక్ష పత్రం అడిగితే నిమిషాల్లో పంపాడు. "స్వచ్ఛత 99.3 శాతం" అని ఉంది. మిగతా ఆరు సీసాలూ తేటగా ఉన్నాయి. వాడుకోవచ్చా?

జిమ్‌అన్న
నేను రెండేళ్లుగా ఇలాంటివే వాడుతున్నాను, ఏమీ కాలేదు. పోగు ఉన్నది పారేయండి. అనుమానంగా ఉంటే 0.22 మైక్రాన్ ఫిల్టరు గుండా పంపండి, లేదా సీసాను కుక్కర్‌లో పెట్టి ఉడికించండి.

జీడిమెట్ల_క్యూసీ
పదిహేనేళ్లుగా ఇంజెక్షన్ల తయారీలో నాణ్యత పరీక్షల విభాగంలో ఉన్నాను. ముందు ఆ పత్రం సంగతి. నీళ్లకు 99.3 శాతం స్వచ్ఛత ఏమిటండీ? మిగిలిన 0.7 శాతం ఏమిటో అడిగారా? బాక్టీరియోస్టాటిక్ నీళ్లంటే బాక్టీరియా పెరగకుండా మామూలుగా 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ కలిపినవి. పత్రంలో దాని మోతాదు ఉండాలి, పీహెచ్ ఉండాలి, సూక్ష్మజీవుల పరీక్ష, ఎండోటాక్సిన్ (జ్వరం తెప్పించే బాక్టీరియా విషం) ఫలితం ఉండాలి. బ్యాచ్ నంబరు సీసా మీద ఉన్నదానితో కలవాలి. మీ విక్రేత పొడి మందు పత్రాన్నే పేరు మార్చి పంపినట్టుంది.

జిమ్‌అన్న గారూ, ఫిల్టరు బాక్టీరియాను ఆపుతుంది. చచ్చిన బాక్టీరియా గోడల నుంచి ఊడిన ఎండోటాక్సిన్‌ను ఆపదు, అది నీళ్లతోపాటే దాటిపోతుంది. కుక్కర్ వేడికి కూడా చెక్కుచెదరదు. గాజు సీసాల మీద దాన్ని నాశనం చేయడానికి మేము 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచుతాం. నీళ్లను అలా కాల్చలేం కదా.

ఎండోటాక్సిన్ ఉందో లేదో తెలిసే తీరు చూస్తే కంటిచూపు ఎంత పనికిరానిదో అర్థమవుతుంది. గుర్రపునాడా పీత రక్తం నుంచి తీసిన పదార్థాన్ని చిన్న గాజు గొట్టంలో నీటి నమూనాతో కలిపి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు కదపకుండా ఉంచి, ఒక్కసారిగా తలకిందులు చేస్తాం. గడ్డకట్టి అడుగునే అంటుకుని ఉంటే ఆ బ్యాచ్ పోయినట్టే. ఇంజెక్షన్ నీటికి పరిమితి మిల్లీలీటరుకు 0.25 ఎండోటాక్సిన్ యూనిట్లు. ఆ పరిమితి దాటిన నీళ్లూ దాటని నీళ్లూ పక్కపక్కన పెడితే నేనైనా తేడా చెప్పలేను.

జిమ్‌అన్న
అయితే ఒక సీసాను ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయిస్తే సరిపోతుందిగా?

జీడిమెట్ల_క్యూసీ
సరిపోదు. సూక్ష్మజీవుల పరీక్షకు 14 రోజులు పడుతుంది, పెద్ద బ్యాచ్ నుంచి 20 సీసాలు తీస్తాం. నూటికి ఒక సీసా చెడిపోయిన బ్యాచ్ అనుకోండి. 20 సీసాల్లో ఒక్కటైనా పట్టుబడే అవకాశం 18 శాతమే. లెక్క వేసి చూసుకోండి. ఇక ఒక్క సీసాతో తేలేదేముంది? అందుకే కర్మాగారంలో నీటిని వేడిగా తిప్పుతూ ఉంచడం, గాలి, మనుషుల చేతి తొడుగులు అన్నీ రోజూ గమనిస్తాం. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా అడిగేది ఆ వెనకాల జరిగే పని కోసమే. మీ సీసా మీద అవి ఉన్నాయా?

భుజంనొప్పి
లైసెన్సు నంబరు లేదు. చిరునామా లేదు. "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని చిన్న అక్షరాల్లో ఉంది.

జీడిమెట్ల_క్యూసీ
అంటే అమ్మినవాడే చేతులు కడుక్కున్నాడు. పట్టీ తిరుగుతోందంటే సీలు సరిగ్గా బిగియలేదు. అదే యంత్రం మీద బిగించిన మిగతా ఆరింటిని నేనైతే నమ్మను.

కువైట్_నర్సమ్మ
2012లో అమెరికాలో న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ తయారు చేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో బూజు చేరి 60 మందికి పైగా చనిపోయారు. తనిఖీలో ఒక బ్యాచ్‌లోని 321 సీసాలు చూస్తే దాదాపు వందింటిలోనే కంటికి కనిపించే మలినం ఉంది. పరీక్షకు తీసిన 50 సీసాల్లో మాత్రం యాభైలోనూ సూక్ష్మజీవులు పెరిగాయి. తేటగా ఉన్నాయనే మాట ఇక్కడ చెల్లదు తమ్ముడూ.

ఇంకో మాట. బెంజైల్ ఆల్కహాల్ ఉన్న నీళ్లు పసికందులకు ఎప్పుడూ వాడరాదు. ఇంట్లో ఎవరికైనా అవసరమై ఆ సీసా మీద చేయి పడుతుందేమో, అందుకే చెబుతున్నాను.

గుంటూరు_గృహిణి
ఐవీఎఫ్ సమయంలో నాకు ఇచ్చిన పెట్టెలో పొడి సీసా పక్కనే దాని నీళ్ల యాంప్యూల్ (సీలు చేసిన చిన్న బుడ్డి) కూడా ఉండేది. మందు షాపులో ఐదు మిల్లీలీటర్ల ప్లాస్టిక్ యాంప్యూల్ కొన్ని రూపాయలకే దొరుకుతుంది కదా, విదేశం నుంచి ఎందుకు?

కువైట్_నర్సమ్మ
నిజమే. కానీ మనవాళ్లు డిస్టిల్డ్ వాటర్ అని పిలిచే ఆ యాంప్యూల్‌లో సంరక్షక పదార్థం ఉండదు. తెరిచాక అప్పటికప్పుడు వాడి, మిగిలింది పారేయాలి. ఫ్రిజ్‌లో దాచి వారం రోజులు వాడేవాళ్లను చూశాను. బెంజైల్ ఆల్కహాల్ ఉన్నదైనా తెరిచాక 28 రోజులే.

మందుల_షాపు (వరంగల్)
సొంత వాడకానికి విదేశం నుంచి మందు తెప్పించాలంటే మన దేశంలో ఫారం 12ఎ తో దరఖాస్తు పెట్టి 12బి అనుమతి తీసుకోవాలి. పార్సిల్ మీద "సౌందర్య సాధనాలు" అని రాసి వచ్చే సీసాలకు ఆ దారి ఉండదు.

భుజంనొప్పి
నా పార్సిల్ మీద సరిగ్గా అదే రాసి ఉంది. తొమ్మిదీ పారేస్తాను. కానీ తెరిచింది ఇప్పటికే వాడాను కదా. జ్వరం, చలి ఏమీ లేవు. ఇప్పుడు తడిమి చూస్తే పొట్ట మీద ఎడమవైపు, సూది వేసిన చోట, బఠాణీ గింజంత గట్టిగా తగులుతోంది. నొప్పి లేదు.

కువైట్_నర్సమ్మ
ఎండోటాక్సిన్ అయితే గంట రెండు గంటల్లోనే వణుకుడు జ్వరం వస్తుంది. ఇది అది కాకపోవచ్చు. కానీ నీళ్లలో బతికే కొన్ని మైకోబాక్టీరియాలు సూది వేసిన చోట వారాల తరవాత నెమ్మదిగా గడ్డలు కట్టిస్తాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కు తగ్గవు. నొక్కకండి, పిండకండి, ఇంకో సూది వేసుకోకండి. సర్జన్‌కు చూపించి, ఇంజెక్షన్ల విషయం దాచకుండా చెప్పండి.

జీడిమెట్ల_క్యూసీ
ఒక్క మాట. తెరిచిన సీసానూ, మిగతావాటినీ ఇంకా పారేయకండి. మూత మీద చేయి పెట్టకుండా శుభ్రమైన సంచిలో వేసి ఆసుపత్రికి పట్టుకెళ్లండి. గడ్డలో ఏదైనా పెరిగితే సీసాలోనూ అదే ఉందో లేదో చూస్తారు.

భుజంనొప్పి
సంచిలో వేశాను. సాయంత్రం ఆరు గంటలకు డాక్టర్ సమయం ఇచ్చారు.