పొద్దున్నే ఇంట్లో మీకు హాయినిచ్చే చిన్న పని ఏంటి?

కిటికీపక్క:
ఐదింటికే లేచి ధ్యానం, పరుగు, డైరీ అనే లిస్టులు వద్దండీ, చదివితేనే నీరసం వస్తుంది. నిజంగా బాగుండేది చెప్పండి. నాకైతే కాఫీ కలిపేటప్పుడు వచ్చే వాసన, తాగడం కన్నా అదే ఎక్కువ ఇష్టం. కప్పు పట్టుకుని కిటికీ దగ్గర పది నిమిషాలు నిలబడతా, ఫోన్ పక్క గదిలో ఉంటుంది.

నిద్రమత్తు:
లేచాక అరగంట దాకా నేను మనిషిని కాను. స్నూజ్ నొక్కి దుప్పటి లాక్కోవడమే నా సుఖం. రాత్రంతా పడుకున్న నిద్ర ఒక ఎత్తు, ఆ తొమ్మిది నిమిషాలు ఒక ఎత్తు.

ఎండచార:
@నిద్రమత్తు ఆ మత్తుకు స్లీప్ ఇనర్షియా అని పేరుంది, చాలామందికి 15 నుంచి 30 నిమిషాల్లో దిగిపోతుంది, మీ తప్పేం లేదు. నాకు పనిచేసింది వెలుతురు. గదిలో లైటు వేస్తే చాలనిపిస్తుంది గానీ అది మహా అయితే కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్), బయట మబ్బు పట్టిన పగలు కూడా వేలల్లో ఉంటుంది. మన రెటీనాలో కొన్ని కణాలు ఆ వెలుతురును పట్టి తెల్లారిందని మెదడుకు చెప్తాయి, నిద్రకు సాయపడే హార్మోన్ మెలటోనిన్ తగ్గుతుంది. ఇదంతా చదివే లేవగానే కర్టెన్ తీయడం మొదలుపెట్టాను, ఇప్పుడు మాత్రం గోడ మీద ఎండ చార మెల్లగా కిందికి జారుతుంటే చూడ్డానికే తీస్తున్నా. నెలలు గడిచేకొద్దీ అది పడే చోటు కూడా మారుతోంది, ఇన్నేళ్లూ ఇదే ఇంట్లో ఉండి ఎప్పుడూ గమనించలేదు!

ఇద్దరుపిల్లలమ్మ:
అదృష్టవంతులండీ మీరంతా. నేను కళ్ళు తెరిస్తే మా చిన్నది కూడా తెరుస్తుంది, దానికెలా తెలుస్తుందో. చప్పుడు కాకుండా తలుపు వేయడం నేర్చుకున్నా, హ్యాండిల్ కిందికి నొక్కిపెట్టి వేసి, పూర్తిగా పడ్డాక మెల్లగా వదలాలి. భుజాల మీద వేడినీళ్ళు పడే ఐదు నిమిషాలే నావి. ఒక్కోరోజు అవీ దక్కవు, "అమ్మా, ఏం చేస్తున్నావ్?" అని తలుపు బాదుతారు.

కిటికీపక్క:
తలుపు టెక్నిక్ రాసిపెట్టుకున్నా 😀

రాత్రిడ్యూటీ:
నాకు తెల్లారేది సాయంత్రం నాలుగింటికి. అందరూ అలసిపోయి ఇంటికొస్తుంటే నేను తీరిగ్గా పళ్ళు తోముకుంటూ ఉంటా, అదో చిన్న గర్వం. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు మాత్రం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటా, ఎండచార గారు చెప్పిన ఆ కణాలకు తెల్లారిందని తెలియకూడదుగా. కాఫీ కూడా డ్యూటీ మొదట్లోనే. తాగిన కెఫీన్‌లో సగం దిగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, చివర్లో తాగితే ఇక పడుకున్నట్టే.

నిద్రమత్తు:
కర్టెన్ సంగతి ఇవాళ చూశానండీ. తీశాను, ఎండ సరిగ్గా మొహం మీద పడింది, దుప్పటి తల మీదికి లాక్కున్నా. లోపల వెచ్చగా, పైన ఇంకాస్త వెచ్చగా... ఇంకోసారి స్నూజ్ నొక్కా.