మిలిటరీ టైపు టార్చ్‌కి ఏ బ్యాటరీ వెయ్యాలి? నాలుగు గంటలుగా తల పట్టుకుని కూర్చున్నా

కొండదారి:
నా దగ్గర మిలిటరీ టైపు టార్చ్ ఒకటుంది, చిన్నదే గానీ గట్టిది. ఇవాళ కొత్త సెల్స్ వేసి స్విచ్ నొక్కగానే తెల్లగా ఒక్క మెరుపు మెరిసి ఆరిపోయింది, ఇక అంతే. అప్పట్నుంచీ విప్పడం బిగించడం, స్ప్రింగు తుడవడం, మూత అటూ ఇటూ తిప్పి చూడటం అన్నీ అయ్యాయి. సెల్స్ ఫుల్ ఛార్జ్‌లోనే ఉన్నాయి. ఎల్లుండి ట్రెక్ ఉంది, పైన రాత్రిళ్ళు మైనస్‌లోకి పోతుందంట. అసలు వీటికి ఏ బ్యాటరీ వెయ్యాలో చెప్పండి ప్లీజ్.

నట్టుబోల్టు:
ఏ సెల్స్? బల్బా ఎల్‌ఈడీనా?

పాతసామాను:
ఏం వేసినా ఆల్కలైన్ జోలికి మాత్రం పోకండి. వేసి మర్చిపోతే కారతాయి, కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం. నా ఎంఎక్స్-991 టార్చ్, అదే మెడ వంపుది, డి సైజు సెల్స్ రెండు పడతాయి, అందులో ఇలాగే కారి స్ప్రింగు నిండా తెల్లగా ఉప్పులా పేరుకుపోయింది, వెనిగర్‌లో దూది ముంచి గంట సేపు తుడిస్తే గానీ కదల్లేదు. పైగా చలికి అవి డీలా పడిపోతాయి. ఏఏ సైజులో లిథియం దొరుకుతాయి, 1.5 వోల్టులే, మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తాయి.

కొండదారి:
అన్నా నేను ఆల్కలైన్ వెయ్యలేదు, నాదీ లిథియమే. బల్బు టార్చ్. ఇంతకుముందు సీఆర్123ఏ అనే పొట్టి లిథియం సెల్స్ రెండు వేసేవాణ్ణి, మాటిమాటికీ కొనలేక అచ్చం అదే సైజులో ఛార్జింగ్‌వి 16340 తెచ్చి వేశా.

నట్టుబోల్టు:
బల్బు మాడింది. సీఆర్123ఏ ఒక్కోటి 3 వోల్టులు, రెండూ కలిపి 6. మీ 16340 ఫుల్ ఛార్జ్‌లో 4.2, రెండు 8.4. బల్బు మార్చండి, పాత రకం సెల్స్ వెయ్యండి.

పాతసామాను:
అందుకే ఉత్తినే లిథియం అనకూడదు. ఒక్కసారి వాడి పారేసే లిథియం వేరు, ఛార్జింగ్ పెట్టుకునే లిథియం అయాన్ వేరు. సీఆర్123ఏని ఛార్జర్‌లో పెట్టారంటే ప్రమాదం. ఇంకోటి, ఒక్కటి సెల్, రెండు కలిస్తేనే బ్యాటరీ.

రాత్రిడ్యూటీ:
అందరూ ఒక్కదాన్ని కూడా బ్యాటరీ అనే అంటారు కదండీ. సరే గానీ ఆ రెండిటి బదులు 18650 అనే పొడుగు ఛార్జింగ్ సెల్ ఒక్కటి వేస్తే సరిపోదా?

నట్టుబోల్టు:
చాలా వాటిలో దూరదు. అది 18 మిల్లీమీటర్ల లావు, గొట్టం 17కి చేసింది. దూరినా 3.7 వోల్టులకి ఆ బల్బు ఎర్రగా వెలుగుతుంది.

పాతసామాను:
అందరూ అన్నంత మాత్రాన సెల్ బ్యాటరీ అయిపోదు. ఆ తేడా తెలియకే సగం వాడింది ఒకటి, కొత్తది ఒకటి కలిపి వేస్తారు. నీరసంగా ఉన్న సెల్ ముందే ఖాళీ అయిపోతుంది, రెండోది దానిలోంచి బలవంతంగా కరెంటు తోస్తుంది, వేడెక్కి పేలిన సందర్భాలున్నాయి. రెండూ ఒకేసారి మార్చాలి, ఒకే కంపెనీవి.

కొండదారి:
విప్పి చూశా, లోపల తీగ తెగింది, గాజు నల్లబడింది. కొత్త బల్బు తెస్తా. థాంక్స్ అన్నా. హెడ్‌ల్యాంప్‌లో ఏఏఏ మూడు పడతాయి, దానికీ లిథియమేనా?

రాత్రిడ్యూటీ:
పాతసామాను గారూ, మరి ఫోన్‌లో ఉండేది ఒక్కటే కదా, దాన్ని సెల్ అనాలా బ్యాటరీ అనాలా?