చెరువు పోయాక ప్రార్థన రావట్లేదు

ప్రశ్న: మాది కొత్తపట్నం వైపు. తెల్లమచ్చ వైరస్ తగిలి రెండు రొయ్యల చెరువులూ నలభై రోజులకే పోయాయి. చచ్చినవి గట్టు వారకు చేరుతుంటే నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆపేసి అక్కడే కూర్చున్నా. ఆదివారం చర్చిలో ఒకాయన 'ఏదో పాపం ఉండుంటుంది' అన్నాడు. అప్పట్నుంచి మోకరిస్తే మాట రావట్లేదు. మీరెలా నిలబడ్డారు?

జవాబు: ఆ మాట వదిలేయన్నా. బైబిల్లో కష్టాల్లో ఉన్న యోబుతో అతని స్నేహితులూ అదే అన్నారు, దేవుడు వాళ్లనే తప్పుపట్టాడు. 13వ కీర్తన చదువు, ఆరు వచనాలే. 'ఎంతకాలం' అని దేవుణ్ణే నిలదీస్తుంది.

ఇంకో జవాబు: 1876-78 కరువులో మన ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూలి కోసం మతం మారారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలే ఆపేశాడు. ఆయన ముందు కూడు సంగతి చూశాడు. మీరూ ముందు మేత షాపు బాకీ సంగతి మాట్లాడుకోండి, కాస్త నిద్రన్నా పడుతుంది.

అడిగినాయన: రాత్రి కీర్తన తెరిచా. రెండో వచనం దాటలేకపోయా. షాపుకి రేపు పోతా.