ఆఫీసులో ఐదు నిమిషాల యోగా: ఆరోగ్యం కోసమా, ఫోటో కోసమా?

ట్రెజరీ మనిషి:
కేంద్ర ఆయుష్ శాఖ 2021లో వై-బ్రేక్ యాప్ తెచ్చింది. సీటు దగ్గరే ఐదు నిమిషాలు తాడాసనం, కటి చక్రాసనం, నాడీశోధన, భ్రామరి ప్రాణాయామాలు, చివర్లో ధ్యానం. కేంద్ర ఉద్యోగులను చేయమని సర్క్యులర్ కూడా ఇచ్చారు. మా దగ్గరా అలాంటిదే మొదలైంది. సగం మంది లేచి చేస్తున్నారు, మిగతావాళ్లు టీకి వెళ్తున్నారు. ఊరికే వచ్చే మంచిని ఎందుకు వద్దంటాం? నాకైతే అర్థం కాదు.

సచివాలయం చిన్నోడు:
యోగా వద్దని ఎవరన్నారు సార్? 2025లో యోగాంధ్ర గుర్తుందా? జూన్ 21న విశాఖ బీచ్‌లో ప్రధాని వచ్చిన కార్యక్రమం. దానికి ముందు నెల రోజులు రాష్ట్రమంతా యోగా, లక్ష్యం రెండు కోట్ల మంది. మా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి పేర్లు ఎక్కించింది మేమే. పొద్దున్నే ఆసనాలకు జనాన్ని పోగెయ్యాలి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి, తొమ్మిదిన్నరకి మళ్లీ "మీ కౌంట్ తక్కువుంది" అని ఫోన్. యోగా చేయించే హడావుడిలో నా నడుం పట్టేసింది. నవ్వకండి.

జూనియర్ అసిస్టెంట్:
తమ్ముడూ, నవ్వక ఏం చేస్తాం! మా ఆఫీసులో "రోజూ మూడు లీటర్ల నీళ్లు తాగండి" అని పోస్టర్ అంటించారు. ఆడవాళ్ల బాత్రూంకి గడియ లేదు, ఒకళ్లు లోపలికెళ్తే ఇంకొకళ్లు తలుపు దగ్గర కాపలా. అందుకే పొద్దున ఇంట్లో తాగిన గ్లాసుడు నీళ్లతోనే సాయంత్రం దాకా ఉంటాం. ముందు గడియ పెట్టించండి, పోస్టర్ సంగతి తర్వాత.

ట్రెజరీ మనిషి:
మేడం, అది నిజమే. కానీ గడియ లేదని ఆఫీసు హెల్త్ క్యాంపులో బీపీ చూపించుకోవడం మానేస్తామా?

డిపో అన్న:
నేను ట్రెజరీ సార్ పక్షం. మా తెలంగాణ ఆర్టీసీలో 2022లో గ్రాండ్ హెల్త్ చాలెంజ్ అని పరీక్షలు చేయించారు. మొదట మేమూ గొణిగాం, ఉద్యోగం పీకడానికేనేమో అని. స్టీరింగ్ పట్టుకునేవాడికి గుండెపోటు వస్తే వెనక యాభై మంది ఉంటారు. అందుకని పరీక్ష అనేది నా ఒక్కడి సొంత వ్యవహారం కాదు. యోగా సంగతి వేరు, ఇష్టమున్నోళ్లు చేస్తారు.

ల్యాబ్ అక్క:
అన్నా, ఆ భయం ఊరికే పుట్టదు. నేను క్యాంపులకు వెళ్తుంటాను. ఒకచోట షుగర్ ఉన్నవాళ్ల లిస్టు ముందు పై అధికారి చేతికి వెళ్లింది. ఆయన మీటింగులో "మీరు స్వీట్లు తగ్గించాలి" అని పేరు పెట్టి అన్నాడట. మంచికే అని ఉండొచ్చు. తర్వాతి క్యాంపుకి ఆ సెక్షన్ నుంచి ఒక్కరూ రాలేదు. రిపోర్టు కవర్లో పెట్టి ఎవరిది వాళ్లకే ఇవ్వాలి, ఆఫీసుకి ఎంతమంది చూపించుకున్నారో అంకె చాలు. డ్రైవర్ల విషయంలో కూడా "ఫిట్, అన్‌ఫిట్" వరకే.

పెన్షనర్ తాత:
అందరూ పరీక్షల గురించే చెబుతున్నారు. బీపీ బయటపడ్డాక ఏం చేస్తారు నాయనా? 2013లో ఉద్యోగుల ఆరోగ్య పథకం వచ్చింది, కార్డు కోసం డబ్బు కడుతూనే ఉన్నాం. కార్డు తీసుకుని మా ఊళ్లో ఓ ఆసుపత్రికి వెళ్తే "ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదు, మామూలుగా అయితే చేర్చుకుంటాం" అన్నారు. మామూలుగా అంటే చేతి డబ్బు. ఐదు నిమిషాల శ్వాస నేను ఇంట్లో తీసుకుంటాను, ఆ బకాయిలు కట్టమనండి.

సచివాలయం చిన్నోడు:
తాతగారికి నా ఓటు.

ట్రెజరీ మనిషి:
బిల్లులు పాస్ చేసే సీట్లో కూర్చున్న నాకు తాతగారి మాట సూటిగానే తగిలింది. అయినా యోగా ఆపెయ్యాలంటే మాత్రం ఒప్పుకోను. ఫోటో తీయకుండా, హాజరు వెయ్యకుండా పెడదామా? అప్పుడు ఎంతమంది లేస్తారో చూద్దాం.

జూనియర్ అసిస్టెంట్:
పెట్టండి సార్. లంచ్ టైములో కోత వెయ్యకుండా పెడితే నేనూ లేస్తాను. గడియ సంగతి మాత్రం మర్చిపోకండి, రేపు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లకి మళ్లీ లెటర్ పెడుతున్నా.